నేను చెప్పిన నెల రోజులు

ఒక ఊళ్ళో మొగుడూ పెళ్ళాల మధ్య ఏం జరుగుతోందో సర్పంచికి తెలియదు. ఎదురింటావిడకి సగం తెలుస్తుంది, మిగతా సగం కల్పించుకుంటుంది. పూర్తిగా తెలిసేది నర్సమ్మకి ఒక్కదానికే. ఆ తెలిసింది కడుపులో పెట్టుకుని, మర్నాడు వాళ్ళ గుమ్మంలోనే నిలబడి "బీపీ మాత్ర వేసుకున్నావా" అని అడగగలగడమే మా ఉద్యోగం.

రాజోలుకి దగ్గర్లో ఉన్న ఒక సబ్‌సెంటర్‌లో, సర్వీసులో చివరి పద్దెనిమిదేళ్ళు ఏఎన్‌ఎమ్‌గా చేసి రిటైరయ్యాను. టీకాలు, గర్భిణులు, జ్వరాలు ఎన్ని ఉన్నా, నా సంచి అడుగున ఎప్పుడూ నిరోధ్ పేకెట్లు, మాత్రల పేకెట్లు ఉండేవి. వాటికి తోడు అర్హులైన దంపతుల రిజిస్టరని ఒక లావుపాటి పుస్తకం. ఎవరికెంతమంది పిల్లలు, ఎవరేం వాడుతున్నారు, ఎవరికి ఆపరేషనయింది, అన్నీ అందులోనే. మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఆడపిల్ల పేరు పక్కన నేను పెన్సిలుతో చిన్న గీత పెట్టేదాన్ని. గీత ఉంటే ఆ ఇంటికి పేకెట్లతో పని లేదని గుర్తు. ఆయన వచ్చాడని తెలిస్తే చెరిపేదాన్ని, విమానం ఎక్కాడని తెలిస్తే మళ్ళీ పెట్టేదాన్ని. కొన్ని పేర్ల దగ్గర చెరిపి చెరిపి కాగితం పల్చబడిపోయింది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చి "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండమ్మా" అన్నారు. వరద రోజుల్లో పడవలో చేసిన కాన్పు లాంటిదేదో చెబుతానని కళ్ళింత చేసుకుని కూర్చున్నారు. అదీ ఉంది. కానీ అది నేను బాగా చేసిన పని. బాగా చేసినవి చెప్పుకోవడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. నేను తప్పు చేసిన సంగతి మొదలుపెట్టి, సగంలో సిగ్గేసి ఆపేశాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను, వాళ్ళు చదువుకుంటారు.

అది కరోనా వచ్చిన మొదటి వేసవి.

లాక్‌డౌన్ పెట్టగానే పైవాళ్ళు మాకు పేకెట్లు మామూలు కంటే ఎక్కువ పంపారు. మొగుడూ పెళ్ళాలు రోజంతా ఇంట్లో ఉంటే వచ్చే ఏడాది పిల్లలే పిల్లలని వాళ్ళ ఊహ. రెండు గదుల ఇంట్లో ఏడుగురు మనుషులు నలభై రోజులు తలుపేసుకుని ఉంటే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలిసినట్టు లేదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం ఆగిపోయింది. లారీలు ఎక్కడివక్కడే. కాయ దింపేవాడికీ, ఒలిచేవాడికీ, ఎగుమతి చేసేవాడికీ పని లేదు. పిల్లలకి బడి లేదు. అత్తమామలు అరుగు దిగరు. "రోజంతా ఎదురుగానే ఉంటున్నారండీ, ఒక్క మాట చెప్పుకోడానికి మాత్రం చోటుండదండీ" అంది ఒకమ్మాయి. ఇంకొకావిడ నవ్వుతూ చెప్పింది: "నేను తుమ్మితే చాలండీ, మంచం దిగెళ్ళి అరుగు మీద పడుకుంటున్నారు. పెళ్ళైన కొత్తలో నాకు జొరమొస్తే పక్కనించి కదల్లేదండీ ఈ మనిషే." నవ్వడం అయిపోయాక చాలాసేపు చెంగు సర్దుకుంటూ నిలబడింది.

అందరిళ్ళూ ఒకటే అనను. ఒక లారీ డ్రైవరు పెళ్ళయిన పన్నెండేళ్ళలో మొదటిసారి రెండు నెలలు వరసగా ఇంట్లో ఉన్నాడు. వాళ్ళావిడ నన్ను గేటు దగ్గర ఆపి "రెండు పేకెట్లు ఎక్కువ ఇవ్వండమ్మగారూ" అనేసి మొహం తిప్పుకుంది. ఆ పూట నాకు మనసు బాగుంది. కానీ మొత్తం మీద నా సంచి ఎప్పటికంటే బరువుగానే ఇంటికి తిరిగొచ్చేది. ముట్టుకుంటే రోగం వస్తుందని రోజూ మైకులో చెప్పి చెప్పి, జనానికి ముట్టుకోవడమంటేనే భయం పట్టించాం. చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఇంట్లో కూడా అంతే. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉబ్బసం మనిషి. నేను జ్వరాలిళ్ళల్లో తిరిగి వచ్చేదాన్ని కదా, పెరట్లో స్నానం చేసి, వీధి గదిలో వేరే పడుకునేదాన్ని. ఆయన లోపల. పొద్దున్నే కాఫీ కలిపి పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి వెళ్ళి నిలబడేవారు. అప్పుడు నేను వెళ్ళి గ్లాసు తీసుకునేదాన్ని. మా అరుగు మీద పొడుగాటి చెక్కబల్ల ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా సాయంత్రాలు దాని మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఇప్పుడు బల్ల ఆయనది, వాకిట్లో కుర్చీ నాది. "సర్వీసంతా జరగండి బాబూ, జరగండమ్మా అని అరిచేను. ఇప్పుడు నా పక్కన జరగడానికి మనిషే లేకుండా పోయేరు" అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నాకప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో ఇంకేం ఉంటుందని చిన్నవాళ్ళు అనుకుంటారు. చాలా ఉంటుంది. నిద్రలో మెలకువొస్తే పక్కన చెయ్యి వేసి, మనిషి ఉన్నాడని చూసుకుని మళ్ళీ పడుకోవడం ఉంటుంది. అది లేక నేను ఎండిపోయాను. ఆ మాట ఆయనతో అనలేదు.

జూన్‌లో దుబాయ్ నుంచి ఒకతను వచ్చాడు. అక్కడ ఏసీ మెకానిక్కు. మూడేళ్ళ తొమ్మిది నెలల తర్వాత రావడం. ఇంట్లో భార్య, ఒకటో తరగతి చదివే పాప, తల్లి. భార్యకి ముప్పై దాటి ఉంటాయి, మిషను కుట్టేది. ఆ వేసవంతా ఊరికి మాస్కులు కుట్టింది ఆమే. మా రిజిస్టరులో అన్నేళ్ళపాటు చెరపకుండా ఉన్న గీత ఆమె పేరు పక్కదే.

అతన్ని ముందు అమలాపురం వైపు ఒక క్వారంటైన్ సెంటర్‌లో పద్నాలుగు రోజులు ఉంచారు. ఆ తర్వాత ఇంటి దగ్గర మరో పద్నాలుగు. ఇంటి వెనక కొబ్బరికాయలు పోసే కొట్టు ఖాళీ చేసి, సున్నం కొట్టి, మంచం వేశారు. తలుపుకి కాగితం అంటించింది నేనే. రోజూ వెళ్ళి జ్వరం చూసేదాన్ని. భార్య కంచం తెచ్చి గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, జామచెట్టు దాకా వెనక్కి వెళ్ళి నిలబడేది. అంత దూరం నుంచి మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచితే ఊరంతా వింటుంది.

"చారు పొయ్యనాండీ?"

"చాలు."

మూడేళ్ళ తొమ్మిది నెలల తర్వాత ఆ ఇద్దరి మాటలూ అవి. ఒకరోజు ఆమే చెప్పింది: "వంటింట్లోకెళ్ళి ఫోన్ చేస్తున్నానండీ. ఆయన కొట్లోంచి మాట్లాడతారు. దుబాయ్‌లో ఉన్నట్టే ఉందండీ." రెంటికీ మధ్య ముప్పై అడుగులు కూడా ఉండవు.

పద్నాలుగో రోజు నేను వెళ్ళి కాగితం పీకేశాను. ఆమె నాతో గేటు దాకా వచ్చింది.

"అయిపోయినట్టేనాండీ అమ్మగారూ?"

"అయిపోయినట్టేనమ్మా."

"ఇంట్లోకి రావచ్చాండీ?"

"రావచ్చు."

"పాపని ఎత్తుకోవచ్చాండీ?"

"మాస్కు పెట్టుకుని ఎత్తుకోమను."

"ఆయ్." గేటు గడియ తీసింది, మళ్ళీ వేసింది. "మరి... నేనండీ? పక్కన..."

మాకు ట్రైనింగులో చేతులెలా కడుక్కోవాలో మెట్టు మెట్టుగా నేర్పారు. కంచాలు, దుప్పట్లు, దగ్గు, తుమ్ము, చెత్తబుట్ట, అన్నీ చెప్పారు. మంచం గురించి మాత్రం చెప్పినవాళ్ళూ లేరు, అడిగినవాళ్ళూ లేరు. దానికితోడు పక్క ఊళ్ళో ఒకతనికి పద్నాలుగు రోజులు దాటాక పాజిటివ్ వచ్చిందని అక్కడి నర్సుని అందరూ ఆడిపోసుకుంటున్నారు. రేపు ఈ ఇంట్లో ఏదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటుందన్న భయం నాకు లోపల ఉంది.

"ఇంకో నెల దూరంగా ఉండండి" అన్నాను.

"నెలాండీ?"

"నెల. మంచిది కదా." సంచిలోంచి నిరోధ్ పేకెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాను. "నెలయ్యాక."

నెల అని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాన్పయిన వాళ్ళకీ, పొట్ట మీద ఆపరేషనయిన వాళ్ళకీ "నెల ఆగమ్మా" అని చెప్పీ చెప్పీ అది నోటికి అలవాటైపోయింది. తెలియనప్పుడు ఆ మాటే వచ్చేసింది. సబ్‌సెంటర్‌కి వెళ్ళి, ఏదో మంచిపని చేసినదానిలా రిజిస్టరులో ఆమె పేరు పక్క గీత చెరిపాను.

వాళ్ళు విన్నారు. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది. ఐరన్ మాత్రలు మింగమంటే పెంటకుప్ప మీద పారేసే ఊరు అది. నేను చెప్పినవాటిలో ఊళ్ళో ఎవరైనా పొల్లుపోకుండా పాటించింది ఉందంటే ఈ తప్పుమాట ఒక్కటే. అతను అరుగు మీద మడతమంచం, ఆమె లోపల పాప పక్కన.

ఇరవై రెండో రోజున మా ఆశా కార్యకర్త మాటల్లో అంది. "ఆ దుబాయాయన రేపు సాయంత్రం వెళ్ళిపోతున్నారంటండీ. కంపెనీ రమ్మందంట. టెస్టు కూడా చేయించుకొచ్చేరు, ఏం లేదని కాగితం ఇచ్చేరంట."

అతనికి రోగం లేదని రాసిన కాగితం విమానం ఎక్కడానికి పనికొచ్చింది. ఇంట్లో గడప దాటడానికి మాత్రం నా మాట అడ్డం ఉంది.

మర్నాడు పీహెచ్‌సీలో మీటింగు. మా డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది, మొదటి పోస్టింగు. అంతా అయ్యాక ఆవిడ పక్కకి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉండీ చెమటలు పట్టాయి. ఆవిడకి ఏ సిగ్గూ లేదు.

"పద్నాలుగు రోజులయ్యి, ఏ లక్షణాలూ లేకపోతే మామూలుగా ఉండొచ్చండీ. భార్యాభర్తలకని వేరే రూలేం లేదు. నెల అని ఎవరు చెప్పారు?"

"ఊళ్ళో ఎవరో అనుకుంటుంటే విన్నానండీ" అన్నాను. అబద్ధం కూడా ఆడానన్నమాట.

స్కూటీ తీసుకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. కారు అయిదింటికి వస్తుంది. తల్లి నట్టింట్లో కూర్చుని ఆవకాయ సీసా మూతకి గుడ్డ కడుతోంది. పాప సూట్‌కేసులో కూర్చుని లేవనంటోంది. అతను అటూ ఇటూ తిరుగుతున్నాడు. భార్య వంటింట్లో కొబ్బరి లౌజు ఉండలు చుడుతోంది. ఆమెని పెరట్లోకి పిలిచాను.

"అమ్మాయీ, నేను చెప్పింది తప్పు. నెల అక్కర్లేదంట."

ఆమె చేతికి బెల్లం పాకం అంటుకుని ఉంది. దాన్నే చూసుకుంటూ అడిగింది.

"ఎప్పట్నించి అక్కర్లేదండీ?"

"కాగితం తీసిన రోజునుంచి."

"ఆయ్" అంది. అంతే. లోపలికి వెళ్ళి మిగిలిన ఉండలు చుట్టడం మొదలుపెట్టింది.

నాకు వెంటనే తోచింది ఒక్కటే. నట్టింట్లోకి వెళ్ళి, మామూలు కంటే గట్టి గొంతుతో చెప్పాను: "పిన్నిగారూ, అరవై దాటినవాళ్ళందరికీ ఇవాళే బీపీ, షుగరు చూసి రాసెయ్యాలి. సబ్‌సెంటర్‌కి రావాలి మీరు. పాపని కూడా తీసుకురండి, బరువు చూస్తాను."

"ఇవాళేనాండీ? మా అబ్బాయి వెళ్ళిపోతున్నాడు కదండీ."

"ఇవాళే ఆఖరండీ."

ఆవిడ సీసా పక్కన పెట్టి, కొడుకుని ఒకసారి చూసి, కోడలున్న వంటింటి వైపు ఒకసారి చూసి, పాప చెయ్యి పట్టుకుని నా వెంట నడిచింది. వీధి తలుపు నేనే దగ్గరగా వేశాను.

సబ్‌సెంటర్‌లో పాప బరువు చూశాను. ఎత్తు చూశాను. కళ్ళు, పళ్ళు చూశాను. పెద్దావిడకి బీపీ చూశాను, బాగానే ఉంది. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. మూడోసారి పట్టీ చుడుతుంటే ఆవిడ నెమ్మదిగా అంది.

"నాకు బీపీ లేదని మొన్ననే కదండీ చెప్పేరు."

నేను పట్టీలోకి గాలి కొడుతూనే ఉన్నాను.

"ఒక్కడే కొడుకండీ నాకు. మళ్ళీ ఎన్నాళ్ళకి చూస్తానో."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం నేను ఒకరికి ఇస్తున్నానని అనుకున్నది ఇంకొకరి దగ్గర లాక్కున్నదని అప్పటిదాకా నాకు తట్టలేదు. "వెళ్ళిపోతారా పిన్నిగారూ?" అన్నాను.

"ఒద్దండీ. చూడండి. నాలుగింటిదాకా చూడండి." పట్టీ ఉన్న చెయ్యి నా బల్ల మీద అలాగే చాపి ఉంచింది. "నాకూ పెళ్ళయింది కదండీ ఒకప్పుడు."

నాలుగింటికి తిరిగి నడిచాం. మలుపు దగ్గర్నుంచే ఆవిడ "నెమ్మదే, పడతావు" అని మనవరాలి మీద కేకలు మొదలుపెట్టింది. పాప ఎక్కడా పరిగెట్టడం లేదు. అయిదింటికి కారొచ్చింది. అతను తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి, పాపని ముద్దు పెట్టుకుని, భార్య వైపు తలూపి ఎక్కాడు. నలుగురిలో అంతకంటే ఏం చేస్తాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె సబ్‌సెంటర్‌కి వచ్చింది. జనం వెళ్ళేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత లోపలికి వచ్చి, నిరోధ్ పేకెట్టు నా బల్ల మీద పెట్టింది. విప్పలేదు.

"ఇంకెవరికన్నా పనికొస్తాయండీ."

"ఏమ్మా?"

"ఏం లేదండీ. మీరెళ్ళేక ఇద్దరికీ సిగ్గేసిందండీ. ఆయన మంచానికి ఆ చివర కూర్చున్నారు, నేను ఈ చివర. ఆరడుగులు అలవాటైపోయింది కదండీ. కాసేపు పాప చదువు గురించి చెప్పేను. ఆయన ఇల్లు రిపేరు గురించి చెప్పేరు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారండీ. అరచెయ్యి ఎంత గరుకైపోయిందో అండీ ఆయనది. అది ఫోన్లో తెలీదు కదండీ. అలా పట్టుకునే నిద్రపోయేరు. మూడు వారాల్నించి అరుగు మీద దోమల్లో పడుకున్న మనిషి. లేపబుద్ధి కాలేదండీ."

నాలుగు తిట్లు తిడితే బాగుణ్ణనిపించింది. ఆమె తిట్టలేదు.

"ఇంకొక్క రోజుంటే సిగ్గు పోయేదండీ" అంది.

ఒక్క రోజు. నేను తిన్నవి ఇరవై మూడు. ఆమె వెళ్ళాక రిజిస్టరు తీశాను. ఇచ్చిన పేకెట్లు రాయడానికి గడి ఉంది గానీ, తిరిగొచ్చినవి రాయడానికి లేదు. ఆమె పేరు పక్కన మళ్ళీ పెన్సిలు గీత పెట్టాను.

రెండేళ్ళకి అతను మళ్ళీ వచ్చాడు. గీత చెరుపుతుంటే ఆ చోట కాగితం చిరిగిపోయింది. చిరిగితే చిరిగిందని సంతోషించాను. రెండు నెలలుండి వెళ్ళాడు. ఇప్పటికీ అతను అక్కడే, ఆమె ఇక్కడే. బజార్లో కనిపిస్తే "బాగున్నారాండీ అమ్మగారూ" అని నవ్వుతూ పలకరిస్తుంది. ఆ నవ్వు నాకు ఇంకా బరువే.

అమ్మాయిలూ, మిమ్మల్ని ఎవరైనా గేటు దగ్గర ఆపి, గడియ తీస్తూ వేస్తూ ఏదో అడగబోతే, తెలిస్తే చెప్పండి. తెలియకపోతే "అడిగి రేపు చెబుతానమ్మా" అనండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. నోటికొచ్చిన అంకె మాత్రం చెప్పకండి. వాళ్ళు నమ్ముతారు.

ఆ పేకెట్టు తిరిగొచ్చిన రోజు నేను ఇంటికి తిన్నగా వెళ్ళలేదు. ముందు పీహెచ్‌సీకి వెళ్ళి డాక్టరమ్మని ఇంకో మాట అడిగాను. ఇంటికెళ్ళి, పెరట్లో స్నానం చేసి, మాస్కు పెట్టుకుని అరుగు మీదకి వచ్చాను. మా ఆయన బల్ల మధ్యలో కూర్చుని ఉన్నారు.

"కాస్త జరగండి" అన్నాను.

ఆయన కంగారుగా బల్ల చివరికంటా జరిగిపోయారు. నేను నేర్పిందే కదా.

"అంత కాదు" అని ఇంకో చివర కూర్చున్నాను.

"డాక్టరమ్మని అడిగేవా?"

"అడిగే వచ్చాను. అరుగు మీద, గాలిలో, మాస్కు పెట్టుకుని కూర్చుంటే ఫర్వాలేదంది."

"ఎప్పట్నించి ఫర్వాలేదంట?"

పెరట్లో ఆ అమ్మాయి అడిగిందీ ఇదే మాట. మాస్కు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా మూతి వణకడం చూసేవారు.

"మొదట్నించీనంట" అన్నాను.

ఆయన బస్సులో జనాన్ని సర్దినట్టు చేత్తో బల్ల మీద రెండుసార్లు కొట్టి, "జరగండమ్మా, లోపలికి జరగండి" అన్నారు. జరిగాను.

మా ఆయన పోయి రెండేళ్ళవుతోంది. గుండె. ఆ వేసవిలో పిట్టగోడ మీద పెట్టి వెనక్కి వెళ్ళిన కాఫీలన్నీ నాకు తిరిగి కావాలి, ఆయన చేత్తో కావాలి. ఇప్పుడు బల్లంతా నాదే. అయినా సాయంత్రం కూర్చునేటప్పుడు ఓ చివరికే జరిగి కూర్చుంటాను.